పనివారి శీలానికి పూచీ ఎవరిది?

(వి.వి. గిరి స్మారకోపన్యాసం)



వరాహగిరి వెంకటగిరిగారి స్మృతికి అంకితమైన ఉపన్యాసానికి కార్మిక జీవితంలోనుంచే ఒక ప్రశ్నను ఎన్నుకోవడం ధర్మం. 1894లో బరంపురంలోని తెలుగు కుటుంబంలో జన్మించి, డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదువుతూ ఐర్లండు స్వాతంత్ర్యోద్యమాన్ని దగ్గరగా చూసి వచ్చిన గిరిగారు, అఖిల భారత రైల్వే కార్మికుల సమాఖ్య స్థాపకులలో ఒకరై, 1928లో బెంగాల్ నాగపూర్ రైల్వేలో ఉద్యోగాలు పోయిన కార్మికుల పక్షాన సమ్మెకు నాయకత్వం వహించారు. 1937లో మద్రాసు రాష్ట్రంలో కార్మిక శాఖను, 1952 తరువాత కేంద్రంలో అదే శాఖను నిర్వహించారు. బ్యాంకు ఉద్యోగులకు ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం తగ్గించి మార్చినందుకు 1954లో మంత్రి పదవిని వదులుకున్నారు. 1969లో రాష్ట్రపతి కావడం, 1975లో భారతరత్న పొందడం అందరికీ తెలిసినవే. ఈ సభకు వాటికన్నా ముఖ్యమైనది ‘గిరి మార్గం’ అన్న పేరుతో ప్రసిద్ధమైన ఆయన వాదం. ప్రభుత్వం బలవంతంగా రుద్దే తీర్పుకన్నా యజమాని, కార్మికుడు సమాన హోదాతో ఎదురెదురుగా కూర్చుని కుదుర్చుకునే ఒప్పందమే పరిశ్రమకు మేలు చేస్తుందన్నది దాని సారాంశం.

ఉద్యోగంలో చేరిన తరువాత ఆ సమాన హోదాను సంఘం కొంతవరకు సంపాదించి పెడుతుంది. చేరకముందు, పని అడుగుతూ వచ్చిన మనిషి ఒంటరిగా నిలబడిన వేళ, అది ఎలా వస్తుందన్న ప్రశ్న మిగిలే ఉంది. ఆ వేళ యజమాని అడిగే మొదటి మాటలలో ఒకటి ‘నీ గురించి చెప్పేవారెవరైనా ఉన్నారా?’ అన్నది. ఈ మాట వెనుక ఉన్న అవసరం న్యాయమైనదేనని, దానికి జవాబుగా అడిగే నడవడిక పత్రం మాత్రం పనివారి గుణాన్ని కాక వారి వెనుక ఉన్నవారి పలుకుబడిని కొలుస్తుందని, అందువల్ల శీలానికి సాక్ష్యం అడిగే పద్ధతి స్థానంలో చేసిన పనికి సాక్ష్యం పొందే హక్కు రావాలని ఈ ఉపన్యాసం దశలవారీగా నిరూపించే ప్రయత్నం చేస్తుంది.

1. యజమాని ప్రశ్న న్యాయమైనదే

కార్మిక పక్షం వహించే సభలో యజమాని భయాన్ని తేలికగా కొట్టిపారేయడం సులభం, కాని అది సరైన విచారణ కాదు. పసిబిడ్డను అప్పగించి ఉద్యోగానికి వెళ్లే తల్లి, మంచం పట్టిన తండ్రిని చూసుకోవడానికి మనిషిని పెట్టుకునే కొడుకు, గల్లాపెట్టె తాళం గుమాస్తా చేతిలో పెట్టే దుకాణదారు, వీరంతా ముక్కూ మొహం తెలియని మనిషిని నమ్మవలసినవారే. పని చేయబోయే మనిషికి తన సంగతి తెలుసు, పని ఇచ్చేవారికి తెలియదు. ఒక పక్షానికి తెలిసినది రెండో పక్షానికి తెలియని ఈ స్థితిని అర్థశాస్త్రవేత్తలు సమాచార అసమానత అంటారు. పాత కార్ల సంతను ఉదాహరణగా తీసుకుని, మంచి సరుకును చెడ్డ సరుకు నుంచి వేరుచేసి చూపే సాధనం లేనప్పుడు మంచి సరుకు కూడా ధర కోల్పోతుందని జార్జి అకెర్లాఫ్ 1970లో వివరించారు. పనివారి విషయంలోనూ జరిగేది అదే కనుక, నిజాయితీగా పనిచేసిన మనిషికి ఆ సంగతి రుజువు చేసే సాధనం అవసరం. అంటే ఈ అవసరం యజమానిది మాత్రమే కాదు.

అయితే ఒకే కాగితం నుంచి మూడు వేర్వేరు జవాబులు రాబట్టాలని చూడడం వల్ల చిక్కు వస్తోంది. ఈ మనిషి ఎక్కడ, ఎంతకాలం, ఏ పని చేశాడన్నది మొదటిది. దీనికి జవాబు సేవాపత్రం. ఈ మనిషి మంచివాడా కాదా అన్నది రెండవది. దీనికి జవాబుగా ఇచ్చేదే నడవడిక పత్రం. రేపు ఏదైనా పోతే ఎవరిని పట్టుకోవాలన్నది మూడవది. దీనికి జవాబు పూచీ. మొదటిది వాస్తవం, రెండవది అభిప్రాయం, మూడవది బాధ్యత బదిలీ. పెద్దమనుషుల నుంచి ఉత్తరం తెచ్చుకోమని చెప్పే యజమాని రెండవదాన్ని అడుగుతున్నట్టు కనిపించినా, చాలాసార్లు ఆయన మనసులో ఉన్నది మూడవదే, ఆయనకు నిజంగా పనికివచ్చేది మొదటిది. ఈ మూడింటి భేదాన్ని శ్రోతలు గుర్తుంచుకోవాలని మనవి. ఇకముందు వాదమంతా దీనిమీదే నడుస్తుంది.

2. పరిచయపత్రం పలుపుతాడైన చరిత్ర

పత్రం అడిగే ఆచారం వ్యక్తుల జాగ్రత్తలోనుంచి మాత్రమే పుట్టలేదు, రాజ్యం చేసిన చట్టంలోనుంచి కూడా పుట్టింది. ఇంగ్లండులో ఎలిజబెత్ రాణి కాలంలో 1563లో వచ్చిన పనివారి శాసనం ప్రకారం, ఒక ఊరిలో కొలువు వదిలిన సేవకుడు మరొక ఊరిలో కొలువు పొందాలంటే తాను సక్రమంగా విడుదలయ్యానని చెప్పే ముద్రపత్రం చూపాలి. చూపలేకపోతే చెరసాల; 21 రోజులలో తెచ్చుకోలేకపోతే కొరడా దెబ్బలు, దేశదిమ్మరి అన్న ముద్ర. పత్రం చూడకుండా పనిలో పెట్టుకున్న యజమానికి 5 పౌన్ల జరిమానా. కూలిరేట్లు పెరగకుండా, పనివారు చెదిరిపోకుండా కట్టడి చేయడానికి వచ్చిన శాసనంలో ఈ నిబంధన భాగమన్నది గమనించదగిన విషయం. పత్రం పుట్టుకలోనే గుణపరీక్షతోపాటు కదలికల మీద కాపలా కూడా కలిసి ఉంది.

రెండు శతాబ్దాల తరువాత, ఇళ్లలో పనిచేసే సేవకులకు పాత యజమాని రాసిచ్చే ఉత్తరమే జీవనాధారమైన రోజుల్లో, దొంగ ఉత్తరాలు పెరిగి 1792లో మరొక చట్టం వచ్చింది. అబద్ధపు ఉత్తరం ఇచ్చినవారికీ తెచ్చినవారికీ 20 పౌన్ల జరిమానా విధించిన ఆ చట్టం, నిజమైన ఉత్తరం ఇచ్చి తీరాలని మాత్రం యజమానిని ఆదేశించలేదు. 1800లో ఒక కేసులో, వెళ్లిపోయే సేవకులకు గుణపత్రం ఇవ్వవలసిన చట్టబద్ధమైన విధి యజమానికి లేదని అక్కడి న్యాయస్థానం స్పష్టంగా చెప్పింది. పత్రం లేనిదే పని దొరకదు, పత్రం అడిగే హక్కు లేదు. ఈ రెండింటి మధ్య ఇరుక్కున్న మనిషికి యజమాని ఎదుట నోరెత్తే ధైర్యం ఎక్కడి నుంచి వస్తుందో సభాసదులే ఆలోచించవచ్చు.

ఫ్రాన్సులో నెపోలియన్ పాలన 1803లో కార్మికుల పాసుపుస్తకాన్ని తప్పనిసరి చేసింది. పని కాలమంతా పుస్తకం యజమాని దగ్గర ఉండేది. అది చేతిలో లేకుండా ప్రయాణించే కార్మికుణ్ణి దిమ్మరిగా పరిగణించేవారు. కార్మికుడు తీసుకున్న బయానా తీరేదాకా పుస్తకం తిరిగి ఇవ్వకుండా ఆపడం, తీరని బాకీని అందులో రాసి కొత్త యజమాని కూలిలోనుంచి రాబట్టడం సాధ్యమయ్యేవి. 1851లో ఆ బాకీకి 30 ఫ్రాంకుల పరిమితి పెట్టారు. 1854లో పుస్తకంలో కార్మికుణ్ణి మెచ్చుకుంటూగాని తప్పుపడుతూగాని యజమాని ఏమీ రాయరాదని నిషేధించారు. 1890లో పుస్తకాన్నే రద్దు చేశారు. సంస్కరణ సాగిన క్రమం ఆసక్తికరమైనది: ముందు అప్పుకు హద్దు పెట్టారు, తరువాత అభిప్రాయాన్ని తొలగించారు, చివరికి బలవంతాన్ని ఎత్తివేశారు.

మనకు దగ్గరగా సింహళంలోని తోటలలో ‘తుండు’ అనే చీటీ ఉండేది. దక్షిణాది నుంచి వలస వెళ్లిన కూలీల బాకీ ఇంత అని, అది చెల్లిస్తే వారిని విడుదల చేస్తామని తోట యజమాని రాసిచ్చే ఆ చీటీ లేనిదే కూలీ మరొక తోటకు మారడం కష్టమయ్యేది. 1921లో అది రద్దయింది. విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి రంగూను వెళ్లిన తెలుగు కూలీల విషయంలో మేస్త్రీ బయానా ఇచ్చి, పని చూపి, పూచీ పడి, వారి కూలి మీద పెత్తనం చేసేవాడు. పేర్లు వేరైనా ఈ ఉదాహరణలన్నింటిలో ఒక పోలిక ఉంది: పరిచయం చేయడానికి పుట్టిన కాగితం, దానిని ఇచ్చే అధికారం ఒక్కరి చేతిలోనే ఉన్నప్పుడు, పలుపుతాడుగా మారింది.

3. సాక్షి లేనివారి సంగతి

నడవడిక పత్రంలోని రెండవ లోపం సాక్షుల ఎంపికలో ఉంది. మన ఊళ్లలో, పట్టణాలలో పత్రం ఎవరిచ్చినా చెల్లదు. గెజిటెడ్ అధికారి, ప్రజాప్రతినిధి, ప్రధానోపాధ్యాయుడు, లేదా యజమాని బంధువర్గంలో పేరున్న మనిషి సంతకం చేయాలి. కూలి చేసుకునే మనిషిని ఇరవై ఏళ్లుగా రోజూ చూస్తున్న పొరుగింటి కూలి మనిషి మాట చెల్లదు. ఆ మనిషిని ఎన్నడూ చూడని అధికారి ముద్ర చెల్లుతుంది. ఎవరికి తెలుసన్నది కాక ఎవరికి పరపతి ఉందన్నదే ఇక్కడ లెక్క. పరపతి కులాన్ని బట్టి, భూమిని బట్టి, చదువును బట్టి పంపిణీ అయిన సమాజంలో పత్రం దొరకడం కూడా ఆ కొలతల ప్రకారమే జరుగుతుంది. అందుచేత ఊరి నుంచి కొత్తగా వచ్చినవారు, భర్త వదిలేసిన స్త్రీలు, దళితులు, సంచార కులాలవారు ఎంత నిజాయితీపరులైనా సాక్షి లేనివారిగానే మిగిలిపోతారు.

శీలాన్ని మనిషికి కాక సమూహానికి కట్టబెట్టినప్పుడు ఏమవుతుందో తెలుసుకోవడానికి తెలుగువారు దూరం వెళ్లనక్కరలేదు. వలస ప్రభుత్వం 1871లో నేరస్థ తెగల చట్టం చేసి, 1911 చట్టంతో దానిని మద్రాసు రాష్ట్రానికి విస్తరించింది. ఆ చట్టం కింద నమోదైన తెగలో పుట్టడమే అనుమానానికి చాలు; ఊరు దాటాలంటే అనుమతి చీటీ, పోలీసుల ముందు హాజరు వేయించుకోవడం తప్పనిసరి. బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఏర్పడిన స్టువర్టుపురం, నెల్లూరు ప్రాంతంలోని కావలి సెటిల్‌మెంటు ఆ విధానం నుంచి పుట్టినవే. స్టువర్టుపురంలో ఉంచిన ఎరుకల కుటుంబాలవారు చీరాల పొగాకు కంపెనీలో కూలీలయ్యారు. పుట్టుకతోనే చెడు నడవడిక పత్రం మెడకు కట్టిన మనుషుల శ్రమ మాత్రం పనికివచ్చిందన్నమాట. 1952లో ఆ చట్టం దేశమంతటా రద్దయి, ఆ తెగలు విముక్త జాతులైనా, ఊరి పేరు చెప్పగానే పని ఇచ్చేవారి మొహం మారే స్థితి పూర్తిగా పోలేదు. శీలం గురించిన ప్రశ్న వాస్తవాలకు కట్టుబడకపోతే జాతకంగా మారుతుందనడానికి ఇంతకన్నా రుజువు అక్కరలేదు.

4. రాజ్యమే యజమాని అయినప్పుడు

ప్రైవేటు యజమాని ఉత్తరం అడిగితే, ప్రభుత్వం పోలీసులను అడుగుతుంది. పూర్వాపరాల విచారణ అనే ఈ ప్రక్రియలో అభ్యర్థి ఒక పత్రం నింపి తనమీద కేసులున్నదీ లేనిదీ ప్రకటించాలి, స్థానిక పోలీసులు దానిని సరిచూడాలి. ఈ ప్రక్రియ ఎంతదూరం పోవచ్చన్న ప్రశ్న న్యాయస్థానాల ముందుకు పలుమార్లు వచ్చింది. గిరిగారు ఒకప్పుడు సమ్మె నడిపిన బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులే మొదటి పెద్ద కేసులో వాదులు కావడం చరిత్రలోని వైచిత్రి. జాతీయ భద్రత పేరిట 1949లో చేసిన రైల్వే నిబంధనల కింద, కమ్యూనిస్టు పార్టీతో, సంఘ కార్యకలాపాలతో సంబంధముందన్న కారణంగా ఉద్యోగాలు పోయిన కార్మికులు బాలకోటయ్య కేసులో సుప్రీంకోర్టుకెక్కి 1957లో ఓడిపోయారు. పార్టీలో ఉండే స్వేచ్ఛకు భంగం లేదు, ప్రభుత్వోద్యోగంలో కొనసాగే హక్కు మాత్రం లేదన్నది ఆనాటి తర్కం.

పాతికేళ్ల తరువాత గాలి మారింది. ఆర్.ఎస్.ఎస్., జనసంఘ్ కార్యక్రమాలలో పాల్గొన్నాడన్న పోలీసు నివేదిక ఆధారంగా మధ్యప్రదేశ్‌లో ఉద్యోగం పోయిన ఒక ఉపాధ్యాయుడి కేసులో, 1983లో, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన న్యాయమూర్తి ఓ. చిన్నపరెడ్డి ఇచ్చిన తీర్పు ఈ విషయంలో మైలురాయి. రాజకీయ విశ్వాసం నేరం కాదని, రహస్య నివేదికలతో పౌరుల జీవనోపాధిని తూచడం రాజ్యాంగ స్ఫూర్తికి విరుద్ధమని ఆ తీర్పు సారాంశం. మొదటి కేసు వామపక్షం వారిది, రెండవ కేసు కుడిపక్షం వారిది; అధికారంలో ఎవరుంటే వారి దృష్టిలో ‘చెడు నడవడిక’ అర్థం మారుతుందని ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

2011లో సందీప్‌కుమార్ కేసులో, ఇరవై ఏళ్ల వయసులో ఒక కొట్లాట కేసులో ఇరుక్కుని, రాజీతో నిర్దోషిగా బయటపడి, ఆ సంగతి దరఖాస్తులో మొదట చెప్పని యువకుడికి ఢిల్లీ పోలీసు ఉద్యోగం నిరాకరించడం తప్పని సుప్రీంకోర్టు చెప్పింది. విక్టర్ హ్యూగో సృష్టించిన జాఁ వల్జాఁ పాత్రను అందులో గుర్తు చేసింది. 2016లో అవతార్ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ తీర్పులన్నింటినీ సమన్వయపరిచి, అభ్యర్థి నిజం చెప్పి తీరాలని, అయితే నేరం స్వభావాన్ని, వయసును, ఉద్యోగం స్వభావాన్ని కలిపి చూసి యజమాని నిర్ణయించాలని, యాంత్రికంగా తోసిపుచ్చరాదని మార్గదర్శకాలు ఇచ్చింది. సభలోని న్యాయవాదులు మన్నిస్తే ఒక్క మాట. ఈ రక్షణలన్నీ ప్రభుత్వోద్యోగం ఆశించి న్యాయస్థానం దాకా వెళ్లగలిగినవారికే. ఇంట్లో అంట్లు తోమే మనిషిని పెట్టుకునేముందు వాట్సాప్‌లో చుట్టుపక్కల ఫ్లాట్లవారిని విచారించి ‘వద్దు’ అని తేల్చే విధానానికి ఏ మార్గదర్శకాలూ లేవు.

5. పత్రం ఎంతవరకు నిజం చెబుతుంది?

ఇంతవరకు చెప్పినది న్యాయాన్యాయాల సంగతి. పత్రం పనికివస్తుందా అన్నది వేరే ప్రశ్న. ఉద్యోగి ఎంపిక పద్ధతుల మీద దశాబ్దాలుగా వచ్చిన అధ్యయనాలను కూడగట్టి ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1998లో ఒక లెక్క వేశారు. ఒక పద్ధతి చెప్పిన జోస్యానికి, ఆ తరువాత ఉద్యోగి చూపిన పనితనానికి మధ్య పొందికను సున్నా నుంచి ఒకటి దాకా కొలిచే ఆ లెక్కలో, పాత యజమానులను విచారించే పద్ధతికి 0.26 దక్కింది, చేయవలసిన పనిలోనే కొంత చేయించి చూసే పద్ధతికి 0.54 దక్కింది. వంటమనిషిని ఎవరి ఉత్తరంతోనో కాక ఒకపూట వంటతో పరీక్షించడం మేలని మన ఇల్లాళ్లకు తెలిసిన సంగతినే ఈ అంకెలు చెబుతున్నాయి.

పత్రం బలహీనతకు కారణం దానిని రాసేవారి స్థితిలో ఉంది. మంచిగా రాస్తే అడిగేవారు లేరు, చెడుగా రాస్తే చిక్కులు వస్తాయి. 1994లో స్ప్రింగ్ కేసులో ఇంగ్లండు ప్రభువుల సభ, పాత యజమాని అజాగ్రత్తగా రాసిన పత్రం వల్ల ఉద్యోగి నష్టపోతే యజమాని బాధ్యుడవుతాడని తీర్పు చెప్పింది. చాలా సంస్థలు హోదా, తేదీలు తప్ప మరేమీ రాయకుండా జాగ్రత్తపడడం చూస్తున్నాం. జర్మనీలో ఉద్యోగికి పత్రం పొందే చట్టబద్ధమైన హక్కు ఉంది, అది అతని భవిష్యత్తుకు అడ్డు రాకుండా ఉండాలి. దాని ఫలితంగా మెచ్చుకోలు మాటల్లోనే మార్కులు దాచే పరిభాష పెరిగింది. ‘మాకు పూర్తి సంతృప్తి కలిగించాడు’ అన్నదానికి ‘ఎల్లప్పుడూ’ చేరితే ఒక మెట్టు పైన, ‘పూర్తి’ జారిపోతే ఒక మెట్టు కింద. పైకి కనిపించని అర్థాలను దాచే గుర్తులు వాడరాదని అక్కడి చట్టం ప్రత్యేకంగా నిషేధించవలసి వచ్చింది.

మన దగ్గర ఈ బలహీనత ఇంకొక రూపం తీసుకుంది. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు అనుభవపత్రం తప్పనిసరి అయ్యేసరికి, అమీర్‌పేటలో దొంగ అనుభవపత్రాల వ్యాపారం వెలిసింది. దానిని పట్టుకోవడానికి బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ అనే మరొక వ్యాపారం పెరిగింది. 2006లో సాఫ్ట్‌వేర్ సంస్థల సంఘమైన నాస్కామ్, ఉద్యోగుల వివరాలను సరిచూసి నమోదు చేసే జాతీయ నైపుణ్య రిజిస్ట్రీని ప్రారంభించింది. 1792 నాటి ఇంగ్లండు కథే శతాబ్దాల తరువాత మన వీధుల్లో పునరావృతమైంది. కాగితమే అర్హత అయినచోట కాగితం సరుకవుతుంది. నిజాయితీ గలవాడు కాగితం కోసం తిరుగుతుండగా లేనివాడు కొనుక్కుని ముందుకు పోతాడు.

6. పత్రాలన్నీ తీసివేస్తే?

ఇంత విన్న తరువాత, అయితే నడవడిక విచారణను పూర్తిగా నిషేధించాలని శ్రోతలలో కొందరికి తోచవచ్చు. తొందరపడరాదని చెప్పే సాక్ష్యం అమెరికాలో ఉంది. దేవా పేజర్ అనే సామాజిక శాస్త్రవేత్త మిల్వాకీ నగరంలో జరిపి 2003లో ప్రచురించిన పరిశోధనలో, ఒకే అర్హతలు చూపిన యువకులను ఉద్యోగాలకు పంపగా, జైలు చరిత్ర లేని తెల్లవారిలో 34 శాతానికి, జైలు చరిత్ర ఉన్న తెల్లవారిలో 17 శాతానికి తిరుగు పిలుపు వచ్చింది. ఏ నేరచరిత్రా లేని నల్లవారికి 14 శాతమే. నేరచరిత్ర వల్ల కలిగే అన్యాయాన్ని ఆపడానికి, దరఖాస్తులో ఆ ప్రశ్న అడగరాదని అనేక రాష్ట్రాలు చట్టాలు చేశాయి. న్యూజెర్సీలో, న్యూయార్క్ నగరంలో ఆ చట్టాలకు ముందూ వెనుకా సుమారు 15,000 ఉత్తుత్తి దరఖాస్తులు పంపి అమండా ఆగన్, సోనియా స్టార్ జరిపిన అధ్యయనం 2018లో వెలువడింది. చట్టానికి ముందు తెల్లవారికి నల్లవారికన్నా 7 శాతం ఎక్కువగా పిలుపులు ఇచ్చిన, అప్పటిదాకా ఆ ప్రశ్న అడుగుతూ వచ్చిన సంస్థలలో, చట్టం వచ్చాక ఆ తేడా 43 శాతానికి పెరిగింది. మనిషి గురించి వాస్తవం తెలియనప్పుడు యజమాని ఊరుకోడు, రంగును బట్టి ఊహిస్తాడు. మన దేశంలో రంగు స్థానంలో ఇంటిపేరు, ఊరు, మతం వచ్చి కూర్చుంటాయి.

దక్షిణాఫ్రికాలో ఏబెల్, బర్గర్, పిరైనో అనే ముగ్గురు ఆర్థికవేత్తలు జరిపి 2020లో ప్రచురించిన పరిశోధన దీనికి మరోవైపు. దరఖాస్తుతో పాత యజమాని ఉత్తరం జతచేస్తే తిరుగు పిలుపులు 60 శాతం పెరిగాయి. లాభపడినవారు ప్రధానంగా స్త్రీలు. ఆ ఉత్తరాలు కులగోత్రాలనో దైవభక్తినో కాక, పని నైపుణ్యాల గురించి యజమానికి ఉపయోగపడే సమాచారం ఇచ్చాయి గనుకనే ఫలించాయి. ఈ రెండు అధ్యయనాలను కలిపి చూస్తే దారి కనిపిస్తుంది: సమాచారాన్ని దాచడం బలహీనుణ్ణి రక్షించదు, పని గురించిన సరైన సమాచారాన్ని అతని చేతికి ఇవ్వడం రక్షిస్తుంది.

7. చేయవలసిన పని

మొదటి విభాగంలో చెప్పిన మూడు జవాబులను ఇప్పుడు విడదీయాలి. పూచీని పనివారి నుంచి అడగడం మానాలి. ఇంట్లో వస్తువు పోతుందన్న భయానికి మందు తాళం, బీమా, చట్టం కావాలిగాని మరొక పేదవాడి మెడకు పూచీ తగిలించడం కాదు. శీలం గురించిన విచారణను, చట్టం కారణం చూపి కోరిన ఉద్యోగాలకే పరిమితం చేయాలి. 2005 నాటి ప్రైవేటు భద్రతా సంస్థల చట్టం కాపలాదారుల పూర్వాపరాలను సరిచూడాలని కోరడంలో అర్థముంది, పసిపిల్లలతో పనిచేసేవారి విషయంలోనూ అర్థముంది; తోటమాలికీ తాపీపనివాడికీ అదే కొలత వర్తింపజేయడంలో అర్థం లేదు. అటువంటి విచారణ జరిగిన ప్రతిచోటా దాని ఫలితాన్ని ఆ మనిషికి చూపి, జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వాలి.

ఇక మిగిలినది సేవాపత్రం. దానికి మన చట్టంలో బీజం లేకపోలేదు. 1946 నాటి పారిశ్రామిక ఉపాధి స్థాయీ ఉత్తర్వుల చట్టం కింద కేంద్రం రూపొందించిన నమూనా ఉత్తర్వులు, పర్మనెంటు కార్మికుణ్ణి తొలగించినా, అతను విరమించినా, సేవాపత్రం పొందే హక్కు అతనికి ఉందని చెప్పాయి. డిస్మిస్ అయినవాడికి కూడా అన్నది ఇక్కడ ప్రాణం వంటి మాట. ఇది మెచ్చుకోలు కాదు, చేసిన పనికి రసీదు. అయితే ఆ హక్కు పెద్ద సంస్థల గోడలు దాటలేదు. ఆ చట్టాన్ని కలుపుకున్న 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ స్థాయీ ఉత్తర్వుల అధ్యాయాన్ని 300 మంది, అంతకు మించి కార్మికులున్న సంస్థలకే పరిమితం చేసింది. అదే ఏడాది వచ్చిన వృత్తి భద్రతా కోడ్ ఉద్యోగులకు నియామకపత్రం ఇవ్వాలని ఆదేశించడం ముందడుగే. చేరేటప్పుడు కాగితం ఇవ్వగలిగిన యజమాని వెళ్లేటప్పుడు ఎందుకు ఇవ్వలేడన్న ప్రశ్నకు జవాబు లేదు. ఇంటిపనివారి గౌరవం కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఆమోదించిన 189వ ఒడంబడికకు మన దేశం ఓటు వేసింది, ధ్రువీకరణ మాత్రం చేయలేదు.

ఆ పత్రంలో పేరు, పని స్వభావం, చేరిన తేదీ, వెళ్లిన తేదీ, చివరి వేతనం, నేర్చిన నైపుణ్యాలు ఉంటే చాలు. గుణదోషాల వ్యాఖ్య ఉండరాదు. అడిగిన వారంలో ఇవ్వాలి. బాకీ పేరుతోగాని, నోటీసు కాలం పేరుతోగాని ఆపరాదు. రిలీవింగ్ లెటరు ఆపి సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని నెలల తరబడి తిప్పించుకునే యజమానికీ, తుండు చీటీ పట్టుకు కూర్చున్న తోట దొరకూ సూత్రంలో తేడా లేదు. ఈ సంగతి గల్ఫుకు బిడ్డలను పంపిన జగిత్యాల, నిజామాబాదు, కడప, గోదావరి జిల్లాల కుటుంబాలకు బాగా తెలుసు. పాత కఫీలు (పూచీ పడి పనిలో పెట్టుకున్న యజమాని) అభ్యంతరం లేదని రాసివ్వనిదే కొత్త పనిలో చేరే వీలులేని నిబంధన అక్కడ ఎందరి కాళ్లనో కట్టేసింది. ఖతారు 2020లో ఆ నిబంధనను ఇంటిపనివారితో సహా అందరికీ ఎత్తివేసింది. సౌదీ అరేబియా 2021లో సడలించింది, ఇంటిపనివారిని మాత్రం ఆ సడలింపులో చేర్చలేదు. పరాయి దేశంలో మనవారికి ఏ పద్ధతి అన్యాయమంటున్నామో, అదే పద్ధతిని మన ఊళ్లో మనం పాటించడం తగదు.

చివరిగా, గిరి మార్గంలోని సమానత్వం రెండు వైపులా ఉండాలి. పనివారి నడవడిక గురించి యజమాని విచారించడం ధర్మమైతే, జీతం సకాలంలో ఇస్తారా, తిడతారా, చేయి చేసుకుంటారా, ఆడవారికి ఆ ఇల్లు క్షేమమా అని యజమాని గురించి పనివారు విచారించడం కూడా అంతే ధర్మం. 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం ఇంటిని కూడా పనిచోటుగా గుర్తించిన తరువాత ఈ మాటను అతిశయోక్తి అనడానికి వీలులేదు. కార్మిక సంఘాలు, ఇంటిపనివారి సంఘాలు ఇటువంటి సమాచారాన్ని జాగ్రత్తగా సేకరించి సభ్యులకు అందించడం, చట్టం రాకముందే చేయగలిగిన పని.

సభాసదులారా, శాసనసభలు చేయవలసినది శాసనసభలు చేయాలి. ఈ సభలో కూర్చున్నవారు చేయగలిగినది ఒకటుంది. ఇంట్లో వంటమనిషో, ఆయానో, డ్రైవరో, కాపలాదారో పనిచేస్తుంటే, వారు అడగకముందే, ఏ తేదీ నుంచి ఏ పని చేస్తున్నారో, ఎంత జీతమో, ఏ పనిలో నేర్పరులో నాలుగు వాక్యాలలో రాసి, సంతకం చేసి, ఫోన్ నంబరు వేసి వారి చేతికివ్వండి. ప్రతి ఏడూ తిరగరాయండి. కొత్త మనిషిని పెట్టుకునేటప్పుడు ఆ కాగితాన్నే అడగండి, పెద్దమనుషుల సిఫారసును అడగకండి. పనివారి శీలానికి పూచీ ఎవరూ పడలేరు, పడనక్కరలేదు. వారు చేసిన పనికి సాక్ష్యం ఇవ్వవలసిన బాధ్యత మాత్రం ఆ పని ఫలం అనుభవించిన యజమానిదే.